మొక్కు నాది

విశాఖపట్నం,
12-12-1979.

చిరంజీవి దేవకుమారికి నాన్న దీవించి రాసేది. మరియతల్లి దయవల్ల అమ్మా నేనూ ఎలాగో తిరుగుతూనే ఉన్నాం. నువ్వూ, మఠంలో అందరూ కులాసా అని నమ్ముతున్నాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. కొండమీద మరియతల్లి గుడి దగ్గర నీళ్ళు లేవు కదా, రోజూ కిందనుంచి బిందెలు మోసేవాడి మోకాళ్ళు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. ఇక చాలించమని అమ్మ పోరు.

మీ సిస్టర్లకు చెప్పడానికి కొండ కథ రాయమన్నావు. పెద్దగా ఏముంది? రాస్ దొర కట్టుకున్న ఇల్లు, తర్వాత గుడి అయింది. పక్క కొండలమీద ఒకచోట దర్గా, ఒకచోట వెంకన్న. ఎవరిని నమ్మినవాడి ఓడైనా ఆ కొండల కిందనుంచే హార్బర్‌లోకి రావాలి. మెట్లెక్కేవాళ్ళలో మనవాళ్ళెంతమందో హిందువులూ అంతమంది.

మొన్న ఎనిమిదో తారీకు తల్లి పండుగకు ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే గంగాలమ్మ వచ్చింది. కాళ్ళు వాచిపోయి మెట్టుకోసారి కూర్చుంటోంది. కొవ్వొత్తులు కూతురిచేత పంపకపోయావా అన్నాను.

"మొక్కింది నాను బాబూ. దాని కాళ్ళెందుకు నొప్పెట్టాల?" అంది.

బిందె దించి నేనూ అక్కడే కూలబడ్డాను.

నీకు ఏడాది నిండకముందు కోరింత దగ్గు వస్తే, బతికితే మఠానికిస్తానని ఆ గుడిలో మొక్కుకున్నాను. అది నీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. తల్లి పాదాల దగ్గర జనం పెట్టే చీటీలను పండుగయ్యాక చదవకుండా కాల్చడం నా పని. ఇన్నేళ్ళలో ఒక్కటే చదివాను. నీ చేతిరాత కనబడింది. "అమ్మా, నాకు మఠానికి వెళ్ళాలని లేదు. నాన్నతో చెప్పే ధైర్యం లేదు. నువ్వే ఆయన మనసు మార్చు" అని రాశావు. దాన్నీ కాల్చేశాను. నెల తిరక్కుండా నిన్ను రైలెక్కించాను.

మూడేళ్ళయింది. తల్లికి రాసుకున్న మాట నేను దొంగతనంగా చదివి, తెలియనట్టే తిరిగాను. సిగ్గుగా ఉంది తల్లీ. ఈ అలుపు బిందెలవల్ల వచ్చింది కాదు.

ఫిబ్రవరిలో మాటపట్టు, సిస్టర్‌గా ప్రమాణం చేయాలి అని రాశావు. నీకు నిజంగా ఇష్టమైతే దేవుడికి మాటియ్యి. లేకపోతే ఇంటికి వచ్చెయ్యి. నా మొక్కు సంగతి నేనూ ఆ తల్లీ చూసుకుంటాం. అమ్మకు నిన్న అంతా చెప్పాను. "నువ్వు రాత్తావా, నానే ఎల్లి తెచ్చుకోనా?" అంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

మదర్ గారూ, మఠానికొచ్చే ఉత్తరాలు ముందు మీరు చదువుతారని తెలుసు. చదివాక దీన్ని నా పిల్ల చేతికివ్వండి. నేను చేసిన పని మీరు చెయ్యకండి.

ఇట్లు,
నీ నాన్న
దేవదానం