తోడు ఎవరొస్తారు?

మార్చి 4
కుడి కంట్లో శుక్లం ముదిరిందట. పన్నెండున ఆపరేషన్. అరగంట పనేనన్నాడు డాక్టర్. తోడు ఎవరైనా ఉండాలంకుల్, లేకపోతే థియేటర్‌లోకి తీసుకోం అంది రిసెప్షన్‌లో అమ్మాయి. ఎవరొస్తారని అడిగింది. రేపు ఫోన్ చేసి చెప్తానన్నాను.

మార్చి 5
చేయలేదు.

మార్చి 6
అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు. మేనల్లుడికి ఆడిట్. పాత ఆఫీసుకి ఫోన్ చేస్తే సార్ సార్ అంటూ ఆప్యాయంగానే మాట్లాడారు. విషయం చెప్పేసరికి ఇంకో కాల్ వస్తోంది సార్ అన్నారు.

రిటైరయ్యేదాకా బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని. డ్రైవింగ్ టెస్టుకి వచ్చినవాళ్ళ పక్క సీట్లో కూర్చోవడం నా ఉద్యోగం. నవ్వితే లంచం కోసమంటారని నవ్వేవాణ్ణి కాదు. ఊళ్ళో నన్ను ఎరగనివాళ్ళు లేరు. ఆస్పత్రికి రమ్మని అడగడానికి ఒక్కరూ లేరు.

మార్చి 8, సాయంత్రం
పార్కులో పేకాట ఆడేవాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఎవరూ జరిగి చోటివ్వలేదు. లాండ్రీ షాపాయన మాత్రం తలెత్తి, ఏం సారూ, దీనికీ టెస్టు పెడతారా అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన్ని రెండుసార్లు ఫెయిల్ చేశాను. రివర్స్ రాదు.

వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు. శుక్రవారం కంటి ఆపరేషన్, తోడు ఎవరూ లేరు అన్నాను. అందరి ముందూ.

లాండ్రీ ఆయన ముక్కలు పంచుతూనే, ఎన్నింటికి అన్నాడు. ఏడున్నరకన్నాను. నా కార్లోనే మరి, గుండె గట్టిదేనా అన్నాడు. తర్వాత పక్కాయన్ని మోచేత్తో నెట్టి, కాస్త జరగవయ్యా, ఆయన ఎంతసేపు నిలబడతాడు అని కసిరాడు.

మార్చి 12, సాయంత్రం
కంటికి కట్టు. అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున్న కారు వెనక్కి తీస్తూ మా గేటుని గీకేశాడు. నేను గేటు వంకే చూస్తున్నాను. అనేయండి సార్, లోపల దాచుకుంటే బీపీ వస్తుంది అన్నాడు. స్టీరింగ్ ముందే తిప్పేశారన్నాను. ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే నా లైసెన్స్ అప్పుడే వచ్చేదిగా అన్నాడు. ఆస్పత్రి దాకా ఇద్దరం పోట్లాడుకుంటూనే వెళ్ళాం.

ఆపరేషన్ అయి బయటికి వస్తుంటే నర్సు, మీ తమ్ముడుగారు తెగ కంగారు పడిపోయారండీ అంది. తమ్ముడని ఎవరు చెప్పారని అడగబోయాను. ఆయన అటు తిరిగి, వంగి, చెప్పులు వెతుకుతున్నాడు. నావి.

మార్చి 21
ఇవాళ చెకప్ లేదు. ఏ పనీ లేదు. గేటు ముందు హారన్ మోగింది. వెళ్ళి ఎక్కాను. ఎక్కాక కూడా ఎక్కడికని అడగలేదు.