బ్రేకు లేని బండి

అక్కయ్యకు నమస్కారాలు. నేను క్షేమంగా, పొడిగానే ఉన్నాను.

ఇన్నేళ్లు బస్సు నడిపినవాడికి పడవ ఉద్యోగమేమిటని నువ్వు బెంగపడ్డావు కదా, మొదట్లో నేనూ పడ్డాను. రేవు దగ్గరపడగానే నా కుడికాలు బ్రేకు కోసం వెతికేది. అక్కడ ఉత్త చెక్క! పడవ ధడేల్మని రేవుకు తగిలేది, జనం ఒకరి మీద ఒకరు పడి నన్ను తిట్టేవారు. పెట్టె సర్దుకుందామనుకున్నాను. మా సరంగు మాత్రం నవ్వి, "బస్సుని ఒడ్డునే వదిలేసి రావయ్యా. ఇక్కడ నీళ్లు చెప్పినట్టు మనం వినాలి," అన్నాడు. సరే, ఏమీ రానివాడిలాగే మొదలుపెడదామని రోజూ ఆయన పక్కన నిలబడి ప్రతిదీ అడిగి తెలుసుకున్నాను.

నిన్న ఒక్కడినే నడిపాను. చాలా ముందే ఇంజను తగ్గించి, మిగతాది నీళ్లకు వదిలేశాను. పడవ మెత్తగా వెళ్లి రేవును ఆనుకుంది. తల్లి ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డ కూడా కదల్లేదు. "అప్పుడే వచ్చేశామా?" అని ఒక ముసలాయన అడిగితే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

నా ఊలు స్వెట్టరు పంపించు, ఇక్కడ గాలి చంపేస్తోంది. వంటింటి కుళాయి కారడం ఆగిందా? ఈత కూడా నేర్చుకుంటున్నాను, అమ్మతో అనకు.

నీళ్లంటే నీకు భయమని తెలుసు. అయినా ఒక్కసారి వచ్చి నా పడవెక్కు. భయమేస్తే నా చొక్కా పట్టుకో, చిన్నప్పుడు నేను నీ పైట పట్టుకున్నట్టు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ తమ్ముడు