సీటు మాటే చేరింది

మంగళవారం, తిరుపతి

మా ట్రావెల్స్ డ్రైవర్లు పంపే ఫిర్యాదులను సాఫ్ట్‌వేర్‌లో శుభ్రంగా పేర్చే స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రామును ఈ రోజు విప్పి చూశాను. మధ్యలో ఖాళీ వరుస వస్తే, కింద రాసినదంతా చెరిపేస్తోంది. డ్రైవర్ మునెయ్య పంపిన అసలు మెసేజీ తెరిచాను. పైన సీటు చినిగిందని, ఒక ఖాళీ వరుస వదిలి కింద, వానకు తడిస్తే బ్రేకు పట్టడం లేదని ఉంది. బస్సులు బాగుచేసే షెడ్డుకు సీటు మాటే చేరింది.

వెంటనే మునెయ్యకు ఫోన్ చేస్తే బస్సు పాకాల దగ్గరుందని, వాన పడుతోందని అన్నాడు.

"మునెయ్యన్నా, బస్సు పక్కకు ఆపు. నీ బ్రేకు ఎవరూ చూడలేదు."



"సీటు కుట్టిచ్చినారు గదమ్మా, బ్రేకు గూడా సూసినారనుకుంటి."

ఆపాడు. ప్రయాణికులను వేరే బస్సు ఎక్కించాం. స్క్రిప్టు సరిచేశాను. ఇప్పుడు మిగతా డ్రైవర్ల పాత మెసేజీలు ఒక్కొక్కటే తెరుస్తున్నాను. తెల్లారితే ఆ బస్సులన్నీ రోడ్డెక్కుతాయి...