దారం కట్టిన సీసా

రేఖమ్మా,

ఇంట్లో అందరి ముందర ఫోన్లో చెప్పలేక రాస్తాండా. ఈ జాబుతో పాటు బెంగుళూరు బస్సు కండక్టరు నీకు రెండు సీసాలు ఇస్తాడు. ఆయనకు తేనె అని చెప్పినా. నువ్వు మూత తీయకుండా మీ ల్యాబుకు తీసకపో.

పోయినేడు ప్రోస్టేటు క్యాన్సరని నాకు ఆపరేషన్ చేసినారు కదా. కోడెను ఎద్దు చేసేదానికి ఏం చేస్తామో, నాకూ అదే చేసినారు. ఆడబిడ్డవు, ఇంతకన్నా రాయలేను. ఊర్లో హెర్నియా అని చెప్పుకున్నాం. అంత చేయించుకున్నా రోగం మళ్లీ లేసింది.

ఇప్పుడు మీ చిన్నమామ ఎర్రన్నకు అదే రోగం. సోమవారం అదే ఆపరేషన్. "అన్న బాగైనాడు కదా, నాకేం భయం" అంటాండాడు. నాది తిరగబెట్టిందని చెప్పేదానికి నాకు నోరు రాలేదు.

నువ్వే కదమ్మా చెప్పింది, కణంలో ఆర్‌ఎన్‌ఏ అని ఉంటాదని, దాంట్లో కొన్ని ప్రోటీను చేయకుండా ఊరికే ఉన్నట్టే ఉండి రోగాన్ని ఎగదోస్తాయని, ఆపరేషన్‌తో రోగానికి మేతైన మగ హార్మోనును ఆపినా దాన్ని పెరగనిస్తాయని. ఉచ్చలో గూడా కనిపిస్తాదంటివి. డాక్టరు అడిగినాడని అబద్ధం చెప్పి వానితో సీసాలో పట్టించినా. ఆ ఆర్‌ఎన్‌ఏ వానిలో ఉండాదా, చూడు తల్లీ. ఉంటే వానికి ఆ కోత ఎందుకు? "ఇంకా పరిశోధనలోనే ఉండాది మామా" అని మాత్రం అనొద్దు. పెద్దోన్ని, నీ కాళ్లు పట్టుకుంటా.

ఆదివారం లోపల ఫోన్ చేయి. నాకే చేయి, వానికొద్దు.

దారం కట్టిన సీసా వానిది. కట్టనిది నాది. టైము చాలకపోతే నాది పారబోసేయ్.

మీ పెద్దమామ