రాతి సమాధులకు దారి

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ అల్లుడు నమస్కరించి, పళ్ళు నూరుకుంటూ రాయునది. మీ నాలుగో ఉత్తరం అందింది. అంటే మన ప్రయాణానికి నాలుగో ప్రణాళిక కూడా అందింది. మొదటిదాంట్లో ముందు బొమ్మల గుహ, తర్వాత రాళ్ళ వలయం, ఆఖరున రాతి సమాధులు. రెండోదాంట్లో సమాధులు ముందుకొచ్చాయి. మూడోదాంట్లో మోకాళ్ళు సహకరించవని గుహ ఎత్తేశారు. ఇప్పుడు గుహ మళ్ళీ వచ్చింది. మోకాళ్ళు మాత్రం అవే కదా?

ఫోనులో మీకు వినపడదు గనక అన్నీ కాగితం మీదే తేలాలి. సరే. కానీ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసుకునే నేను, మధ్యమధ్యలో బల్ల మీద మీ పటం పరుచుకుని కూర్చుంటున్నాను. సర్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో మీరు గీసుకున్న పటం. "వంకర చెట్టు దగ్గర ఎడమకు" అని రాశారు. నలభై ఏళ్ళయింది మామయ్యగారూ! ఆ చెట్టు ఎవరింటి గుమ్మమైందో!

పర్యాటక కార్యాలయానికి ఫోను చేశాను. "రాతియుగమా? టౌన్లోనే మ్యూజియం ఉందిగా సార్, ఏసీ కూడా ఉంది" అన్నాడు గుమస్తా.

"అది కాదండీ, పొలాల్లో ఉన్న సమాధులు."

"ఎవరివండీ?"

"ఎప్పుడో మూడువేల ఏళ్ళనాటి వాళ్ళవి."

"అయితే వాళ్ళ తాలూకు వాళ్ళని అడగాలండీ."

ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో నాకింకా తెలియలేదు.

పైగా ప్రతి ఉత్తరంలోనూ ఒకటే ప్రశ్న: బుల్లి కారులో ముందు కూర్చుంటుందా, వెనకా అని. మీ అమ్మాయికి ల్యాబులో సెలవు దొరకాలి కదా. ముందు రాళ్ళ సంగతి తేల్చండి.

మీ అల్లుడు

*

మామయ్యగారికి,

ఐదో ప్రణాళిక అందింది. బుల్లికి ఎండ పడదు, గొడుగు మరిచిపోవద్దన్నారు. ఘాట్ రోడ్డులో తనకు కడుపులో తిప్పుతుంది, నెమ్మదిగా నడపమన్నారు. మళ్ళీ అదే ప్రశ్న, ముందా, వెనకా? ఇక నావల్ల కాదు. చెప్పేస్తున్నాను.

బుల్లి రాదు. ఎనిమిది నెలలుగా తను వేరే ఊళ్ళో, కొత్త ల్యాబుకి దగ్గరలో గది తీసుకుని ఉంటోంది. విడాకుల కాగితాలు పంపింది. అవి షాపు సొరుగులో, లెన్సు కవర్ల కింద నా సంతకం కోసం పడి ఉన్నాయి.

మేమేం కొట్టుకోలేదు. గొడవంతా అదే. "నీతో పోట్లాడదామన్నా కుదరదు. ఏది అడిగినా 'నీ ఇష్టం' అంటావు. పదకొండేళ్ళుగా ఒక్కదాన్నే కాపురం చేస్తున్నట్టుంది. వెళ్ళిపోనా?" అని అడిగింది. సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది. నేను అప్పుడు కూడా "నీ ఇష్టం" అన్నాను. వెళ్ళొద్దని గొంతుదాకా వచ్చింది మామయ్యగారూ. బయటికి వచ్చింది మాత్రం ఆ రెండు ముక్కలే.

ఇంకో సంగతి, సిగ్గు విడిచి రాస్తున్నాను. మీ ప్రణాళికలన్నీ నేను ఊరికే భరించలేదు. ఆ రాళ్ళ దగ్గర మీ మనసు బాగున్నప్పుడు విషయం చెప్పి, తనకు నచ్చజెప్పమని అడగాలనుకున్నాను. మీరొక్క మాటంటే తిరిగొస్తుందని నా ఆశ. ఇప్పుడు ప్రయాణం మానుకుంటారో, నన్ను తిట్టిపోస్తారో మీ ఇష్టం.

చూశారా, మళ్ళీ అదే మాట.

అల్లుడినో కానో తెలియని నేను

*

బుల్లీ,

ఇలా పిలవొచ్చో లేదో తెలియదు. ఇంకోలా పిలవడం చేతకాదు.

నా సంగతంతా రాస్తే మీ నాన్నగారు ఒక్క ముక్కలో జవాబిచ్చారు: "శనివారం ఉదయం ఆరింటికి కారు తీసుకురా." వెళ్ళాను. రెండుసార్లు దారి తప్పాం. రెండుసార్లూ తప్పు నాదేనన్నారు. మధ్యాహ్నానికి సమాధుల దగ్గరికి చేరాం. బీడు పొలంలో నిలబెట్టిన నాలుగు రాతి పలకలు, పైన కప్పులా ఒక బండ. పొలం గలావిడ లోపల పారా, నీళ్ళ క్యానూ పెట్టుకుంటోంది. "లోపల చల్లగా ఉంటుందండీ, కూర్చోండి" అంది.

కూర్చున్నాక మీ నాన్నగారు తాపీగా అన్నారు, "నాకు ముందే తెలుసయ్యా. వెళ్ళిన వారానికే బుల్లి రాసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "తెలిసీ ముందా వెనకా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగారా? నన్ను ఆటాడిస్తున్నారా?" అని కేకలేశాను. అంత గట్టిగా అరవడం నా జన్మలో అదే మొదలు. పొలంలో ఆవిడ నడుమెత్తి చూసింది. చెవిలో చెబితేగానీ వినపడని ఆయనకు శుభ్రంగా వినపడింది.

"నీ అంతట నువ్వే చెబుతావేమోనని చూశాను" అన్నారు. "ఎనిమిది నెలలు పట్టింది."

"అయితే రమ్మని ఒక్క మాట చెప్పండి."

"చెప్పను. అది బాగా ఆలోచించుకునే వెళ్ళింది. దాన్ని తీసుకొచ్చి నీకు అప్పజెప్పడానికి రాలేదు నేను. చచ్చేలోగా ఈ రాళ్ళు మళ్ళీ చూడాలని వచ్చాను. విసుక్కుంటూనైనా నాతో వచ్చేవాడివి నువ్వొక్కడివే."

నేను ఏడ్చాను. ఆయన జేబులోంచి కొలత టేపు తీసి ఒక కొస నా చేతిలో పెట్టారు. "వదులుగా కాదు, లాగి పట్టుకో" అని కసిరారు. ముక్కు తుడుచుకుంటూ నాలుగు పలకలూ కొలిచాం. ఆయన చీటీ మీద సగం అంకెలు వేసి పెన్ను నాకిచ్చారు, మిగతావి నేను వేశాను.

కాగితాల మీద సంతకం పెట్టాను. ఈ కవర్లోనే ఉన్నాయి. ఇష్టమై పెట్టలేదు. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఎప్పుడూ లేదు. ఆ మాట గుమ్మంలోనే చెప్పి ఉండవలసింది. చెప్పలేకపోయింది నేను. అందుకు నిన్ను కట్టిపడెయ్యడం న్యాయం కాదు.

ఒక్కటి మాత్రం వదులుకోను. మీ నాన్నగారిని ఇకముందు కూడా మామయ్యగారనే పిలుస్తాను. వచ్చే నెల ఆయనను గుహకు తీసుకెళ్తున్నాను. అభ్యంతరముంటే రాయి. వాదిస్తాను.

నీ కళ్ళజోళ్ళాయన