ఫిర్కీ నేను పడతాను

గోడాదరా, సూరత్

ఉమాకాంత్ బావకు,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. చెయ్యి ఎలా ఉందని మాత్రం అడగను. సిరిసిల్లలో అందరూ అదే అడుగుతున్నారట కదా.

మనం ఫోన్‌లో ఆడే పతంగుల ఆటకు రెండో భాగం వచ్చింది. ఇక్కడ అందరూ తిడుతున్నారు. ఆకాశం రెండు ఉతుకులకే వెలిసిన చీరలా ఉంది, మొదటిదాని రంగులు దీనికి లేవు. ఆ మొదటిదాంట్లో కుడి బొటనవేలితో పతంగి, ఎడమ బొటనవేలితో దారం చుట్టిన ఫిర్కీ నువ్వొక్కడివే ఆడించేవాడివి. నిన్ను ఓడించినవాడు మన గల్లీలో లేడు.

ఇందులో అలా కుదరదు. ఇద్దరు కావాలి. ఒకరి ఫోన్‌లో పతంగి, ఇంకొకరి ఫోన్‌లో ఫిర్కీ, అచ్చం మన డాబా మీదలాగే. ఎగరేసేవాడికి ఒక్క చెయ్యి చాలు. పక్కింటి భావన ఫిర్కీ పడితే, నేను ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని రెండు పతంగులు తెంపాను. నువ్వైతే ఎన్ని తెంపేవాడివో.

"మగ్గంల వేళ్లు పోయినప్పటిసంది మీ బావ మాట్లాడుడే బంద్ చేసిండురా" అని పద్మారాణి అక్క ఫోన్‌లో ఏడ్చింది.

ఆదివారం పొద్దున ఆటలోకి రా. ఫిర్కీ నేను పడతాను. ఒక్కటే తిరకాసు. దారం ఎప్పుడు వదలాలో ఈ ఆట చూపించదు. డాబా మీద అరిచినట్టే "ఢీల్ ఇయ్యిరా" అని ఫోన్‌లో నువ్వే అరవాలి. అరవకపోతే మన పతంగి తెగుతుంది, ఆ తప్పు నాది కాదు.

నీ బామ్మర్ది