సీసం పలకలతో ఎగిరాను

ఆదివారం రాత్రి, తెనాలి

బాపట్ల శిక్షణ శిబిరంలో ఇవాళ నేను మొదటిసారి ఒంటరిగా గ్లైడర్, అదే ఇంజిను లేని చిన్న విమానం, నడపాల్సిన రోజు. పొద్దున పారాచూట్‌తో సహా కాటా ఎక్కితే, ఆ గ్లైడర్‌లో కూర్చునే మనిషికి ఉండాల్సిన కనీస బరువు నాకు లేదని తేలింది. ఇక పంపరనుకుని ఏడుపొచ్చింది.

"రెండు బాటిళ్ల నీళ్లు తాగి వస్తానండి," అన్నాను.

నేర్పే సార్ నవ్వలేదు. "నువ్వు కూర్చునేది ముందు వైపమ్మా. అక్కడ బరువు చాలకపోతే తోక బరువెక్కుతుంది. ముక్కు పైకి లేచి వేగం పడిపోతే మళ్లీ కిందికి దించలేవు," అని సీసం పలకలు తెచ్చి నా సీటు కింద బిగించారు. "కదిలితే ప్రమాదం. నువ్వే లాగి చూడు."

రెండు చేతులా లాగాను. కదల్లేదు.

గ్లైడర్‌ని పైకి లాగిన తాడును వదిలాక గాలి చప్పుడే మిగిలింది. ముక్కు నా చేతి మాట విన్నది. ఒకపక్క సముద్రం, రేపల్లె వైపు పచ్చటి పొలాలు. దిగాక సీటు కింది పలకలను సంతోషంగా ఒకసారి తట్టాను.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. ఇన్నాళ్లూ గ్లైడర్ మాటెత్తితే భయంతో లేచి వెళ్లిపోయే మా అమ్మీ ఇవాళ అంతా విన్నది.

"ఎగరడానికి బరువు పెంచడమేంటే?" అంది. గరిటెను వేలి మీద అడ్డంగా నిలబెట్టి, ఒక వైపు బరువు చాలకపోతే రెండో వైపు ఎలా వాలిపోతుందో చూపించాను. గరిటె అందుకుని తనూ అలా నిలబెట్టి చూసింది.

"వచ్చే ఆదివారం నన్నూ తీసుకెళ్తావా? ఎక్కడానికి కాదులే, కింద నిలబడి చూడ్డానికి."

గాలి ఎక్కువైతే ఎగరనివ్వరు. ఆ ఒక్క రోజు నెమ్మదిగా వీస్తే బాగుండు...